తొమ్మిదిన్నరకీ నాలుగున్నరకీ మధ్య

కొత్త ఇంట్లో గడపలు లేవు. పేముతాతకు మొదటి రోజు నుంచీ మింగుడుపడని సంగతి అదే. పాత ఇంట్లో గదికో గడప ఉండేది. కాలి బొటనవేలికి అది తగిలిందంటే హాలు దాటి వంటింట్లోకి వచ్చినట్టు లెక్క. ఇక్కడ నేలంతా ఒకటే నునుపు, ఒకటే చల్లదనం. ఎక్కడ ఒక గది అయిపోయి ఇంకొకటి మొదలవుతుందో కాళ్ళకు అంతుపట్టదు.

ఆయన నలభై ఏళ్ళు కుర్చీలకు పేము అల్లిన మనిషి. ఆఫీసు కుర్చీలు, పడక కుర్చీలు, డాక్టర్ల గదుల్లోని బెంచీలు, ఏది చిరిగినా ఆయన దగ్గరికే వచ్చేది. ఆ పేరు అలా వచ్చిందే. ఐదేళ్ళ క్రితం కళ్ళలో ఒత్తిడి పెరిగి, ముందు పక్కలు మసకబారి, తర్వాత మధ్యలో మిగిలిన కాస్త వెలుగూ పోయింది. చూపు పోయినా వేళ్ళు పని మరిచిపోలేదు. పాత ఊళ్ళో వీధి చివరిదాకా ఒక్కడే వెళ్ళి వచ్చేవాడు. ఈ ఊరికి వచ్చాకే తాను నిజంగా గుడ్డివాణ్ణయ్యానని ఆయనకు అనిపించింది.

ఊరు మారింది కోడలి ఉద్యోగం కోసం. ఆమె ల్యాబ్ టెక్నీషియన్. చిన్న ఊళ్ళో చిన్న ల్యాబులో తొమ్మిదేళ్ళు రక్తం తీసి పరీక్షలు చేసిన పిల్లకు ఇక్కడి పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. సామాను లారీలో, మనుషులు రైల్లో, దాదాపు రెండు రోజుల ప్రయాణం. కొడుకు పన్నెండేళ్ళుగా నడుపుతున్న మోటారు వైండింగ్ షాపు మూసేశాడు. "మోటార్లు ఏ ఊళ్ళోనైనా కాలుతూనే ఉంటాయి నాన్నా" అని నవ్వాడు గానీ, షట్టరు దించిన రోజు సాయంత్రం వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇక్కడ పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఒకరి కింద పనికి కుదిరాడు.

తాతకు ఇల్లు నేర్పింది తొమ్మిదేళ్ళ మనవరాలు. వచ్చిన మర్నాడే చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పింది.

"నీ కుర్చీ దగ్గర్నుంచి వంటింటికి పదకొండు అడుగులు తాతా."

"ఎవరి అడుగులు?"

"నావి."

"నీ అడుగులతో నేనేం చేసుకోను?"

మళ్ళీ లెక్కపెట్టారు. ఆయన అడుగులైతే ఎనిమిది. బాత్‌రూముకు ఆరు, ఎడమకు తిరిగి ఇంకో మూడు. వంటింటి పక్కన ఉన్న వెనక గది దగ్గర మాత్రం ఆ పిల్ల ఆయన్ని ఆపేసింది. "ఇటు రావద్దు. ఇంకా విప్పని అట్టపెట్టెలు పదిహేడున్నాయి. తగిలితే మీద పడతాయి."

రోజూ తొమ్మిదింటికి ముగ్గురూ బయల్దేరేవారు. కొడుకు కూతుర్ని బండి మీద బడి దగ్గర దింపి ఫ్యాక్టరీకి వెళ్ళేవాడు. కోడలు నడిచి బస్‌స్టాపుకి వెళ్ళేది. తలుపు లాగితే దానంతటదే తాళం పడుతుంది. లోపల్నుంచి గడియ తిప్పి తీసుకోవచ్చు, బయట్నుంచి రావాలంటే తాళంచెవి కావాలి. పేముతాత రేడియోలో వార్తలు విని, తొమ్మిదిన్నరకు స్నానం చేసి, హాల్లో కూర్చుని, లారీలో వచ్చిన రెండు పాత కుర్చీలకు కొత్త పేము అల్లుకునేవాడు. నాలుగున్నరకు మెట్ల కింద నీళ్ళ మోటారు పెద్ద రొదతో మొదలై అరగంట తిరిగేది. అది ఆగిన కాసేపటికి కోడలు వచ్చేది, ఆ వెనకే బడి నుంచి పిల్ల.

మూడో వారంలో ఒక మంగళవారం, ఆయన కుర్చీ అంచుకు పేము బిగిస్తుండగా వెనక గదిలో అట్ట నొక్కుకున్న చప్పుడైంది.

ఎలుక అనుకున్నాడు. కానీ ఎలుకైతే గీరుతుంది, పరుగెడుతుంది. ఇది ఒక్కసారి నొక్కుకుని ఊరుకుంది. చాలాసేపటికి ఇంకోసారి అయింది, ఎవరో పెట్టె మీద కూర్చుని బరువు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి మార్చుకున్నట్టు.

"ఎవరూ?" అన్నాడు.

జవాబు లేదు. ఖాళీ గదికీ, మనిషి ఊపిరి బిగబట్టి ఉన్న గదికీ తేడా ఉంటుంది. ఆ తేడా ఏమిటని అడిగితే చెప్పలేడు గానీ ఇది ఖాళీ గది కాదని ఆయనకు తెలిసింది. పేము బద్ద చేతిలో పట్టుకుని నాలుగున్నర దాకా అలాగే కూర్చుండిపోయాడు. మోటారు మొదలై చెవులను కప్పేసింది. అది ఆగాక కోడలి తాళంచెవి చప్పుడు వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. కొత్త ఇల్లు, కొత్త చప్పుళ్ళు, ఏదో అయ్యుంటుందని సర్దిచెప్పుకున్నాడు. మర్నాడు బల్ల అంచున పెట్టుకున్న నీళ్ళ గ్లాసు చెయ్యి చాపితే అందలేదు. తడుముకుంటే బల్ల మధ్యలో దొరికింది.

గురువారం జరిగినదాన్ని మాత్రం దాచుకోలేకపోయాడు. స్టవ్ జోలికి వెళ్ళొద్దని కొడుకు గట్టిగా చెప్పాడు. ఆయన వెళ్ళాడు. పాలు పెట్టి, అవి కాగేలోపు వచ్చి కుర్చీలో కూర్చుని, అల్లికలో పడి మరిచిపోయాడు. పాలు పొంగి మంట మీద పడిన చప్పుడు విని లేచాడు. మంట ఆరిపోయింది. సన్నగా గ్యాసు బుస. కంగారులో ఎనిమిది అడుగులు పదయ్యాయి, గోడకు తగిలాడు, మళ్ళీ సర్దుకుని స్టవ్ దగ్గరికి చేరేసరికి ఆ బుస లేదు. మీట పట్టుకున్నాడు. కట్టేసి ఉంది. మొహానికి చల్లగాలి కొట్టింది. కిటికీ తెరిచి ఉంది. పొద్దున్న కోడలు దానికి గడియ పెట్టడం ఆయన స్వయంగా విన్నాడు.

పేముతాత గోడను పట్టుకుని వెనక్కి వచ్చి, పేము చీల్చే కత్తి చేతిలోకి తీసుకుని, వీపు గోడకు ఆనించి కూర్చున్నాడు. ఎవడైనా వస్తే ఆ కత్తితో ఏం చెయ్యగలడో ఆయనకే తెలియదు.

సాయంత్రం కొడుకు అంతా విన్నాడు. బీరువా చూశాడు, పెట్టెలు చూశాడు, తలుపు చూశాడు. ఏదీ పోలేదు.

"దొంగ వచ్చి, గ్యాసు కట్టేసి, కిటికీ తెరిచి, ఏమీ పట్టుకెళ్ళకుండా పోయాడంటావా నాన్నా?"

"నేనేమీ అనట్లేదు. జరిగింది చెప్పాను."

"నువ్వే కట్టేసి మర్చిపోయుంటావు."

"మరి కిటికీ?"

"అదీ నువ్వే తీసుంటావు." వాడి గొంతులో విసుగు కంటే జాలి ఎక్కువగా ఉంది. అదే ఆయన్ని కుంగదీసింది. వంటింట్లో కోడలు గిన్నెలు కడుగుతోంది. కొళాయి ధార ఆగలేదు.

శనివారం కింది వాటా ఆవిడ నీళ్ళ వేళల గురించి చెప్పడానికి పైకి వచ్చింది. మాటల్లో మాటగా, మీరు రాకముందు ఈ వాటా ఏడు నెలలు ఖాళీగా ఉందని, ఎవరూ పట్టుమని ఏడాది ఉండరని అనేసి వెళ్ళిపోయింది. మనవరాలు ఆ సాయంత్రం నుంచి వెనక గదిలోకి వెళ్ళడం మానేసింది.

"దయ్యాలకి ఈ ఊళ్ళో ఇంకో ఇల్లు దొరకలేదా ఏంటి, రెండంతస్తులు ఎక్కి మన అట్టపెట్టెల్లో దూరడానికి?" అన్నాడు కొడుకు. పిల్ల నవ్వింది. కోడలు నవ్విన చప్పుడు రాలేదు.

పేముతాత ఆదివారమంతా చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఒక్క అలికిడి లేదు. సోమవారం పదింటికల్లా మళ్ళీ అట్ట నొక్కుకుంది. దయ్యాలకు ఆదివారం సెలవుండదు. అంటే వచ్చేది మనిషి. స్నానం తర్వాతే చప్పుళ్ళు మొదలవుతాయి, మోటారు తర్వాత ఉండవు. అంటే ఈ ఇంటి వేళలన్నీ తెలిసిన మనిషి. తను చూడలేడని కూడా తెలిసిన మనిషి. దయ్యమే నయమనిపించింది.

మంగళవారం ఒక పని చేశాడు. తొమ్మిదిన్నరకు బాత్‌రూములోకి వెళ్ళి కొళాయి తిప్పి, బకెట్లోకి ధార పడుతుండగా తలుపు కొద్దిగా తెరిచి, దాని వెనక నిలబడ్డాడు. పది నిమిషాలు గడిచాయి. అప్పుడు వీధి తలుపులో తాళంచెవి తిరిగింది, మెల్లగా, ఒక్కో పన్నూ లెక్కపెట్టుకుంటూ తిప్పినట్టు. తలుపు తెరుచుకుంది. మూసుకుంది. మెత్తటి అడుగులు హాలు దాటి వెళ్ళాయి.

బయటికి వచ్చి గట్టిగా అరవాలనుకున్నాడు. అందుకే కదా కాపు కాసింది. కానీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. చేసిందల్లా బాత్‌రూము తలుపు మూసి, గడియ పెట్టుకోవడం. బకెట్ నిండి నీళ్ళు పాదాల మీదికి పొర్లుతున్నా కొళాయి కట్టడానికి భయం, చప్పుడు ఆగితే వాడికి తెలిసిపోతుందని. పళ్ళు టకటకలాడుతుంటే డెబ్బై రెండేళ్ళ మనిషి తువ్వాలు చుట్టుకుని గంటసేపు ఆ గోడను కరుచుకుని ఉన్నాడు.

చివరికి చలికి తట్టుకోలేక గడియ తీశాడు. వీధి తలుపు తీసుకుని మెట్ల మీదికి పోవాలి, కింది వాటా ఆవిణ్ణి పిలవాలి. తొందరగా నడిచాడు. కానీ పేము నానబెట్టిన తొట్టి ఎక్కడుందో మరిచిపోయాడు. కాలు దాని అంచుకు తగిలింది, నీళ్ళు ఒలికాయి, రెండో కాలు జారింది.

పడలేదు. వెనకనుంచి ఒక చెయ్యి ఆయన మోచేతికి పైన గట్టిగా పట్టుకుంది. నిలబెట్టింది. ఒక్క క్షణం అలాగే ఉంది. తర్వాత వదిలేసింది. మెత్తటి అడుగులు పరుగున వెనక గదిలోకి పోయాయి.

ఆయన అక్కడే నీళ్ళలో చతికిలబడ్డాడు. కేకైతే రాలేదు, గొంతులోంచి ఏదో సన్నటి కూత వచ్చింది. అలా ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెప్పాడు. చెబుతున్నప్పుడే ఆ మాటలు తన చెవులకే పిచ్చిమాటల్లా వినిపించాయి. ఇంట్లో ఎవరో ఉన్నారు, తాళం తీసుకుని వస్తారు, నేను పడబోతే పట్టుకున్నారు.

కొడుకు కంచం పక్కకు జరిపిన చప్పుడైంది. తర్వాత మెల్లగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "తప్పు నాది నాన్నా. ఈ వయసులో నిన్ను ఇంత దూరం లాక్కొచ్చాను. శనివారం డాక్టరుకి చూపిద్దాం. ఇక్కడ పెద్దవాళ్ళని పగటిపూట చూసుకునే చోటొకటి ఉందట. మా ఫ్యాక్టరీలో ఒకాయన వాళ్ళ నాన్నని అక్కడే దింపుతాడు. పొద్దున్న తీసుకెళ్ళి సాయంత్రం తీసుకొస్తాను."

"నాకు మతి పోలేదు."

"పోయిందని ఎవరన్నారు?"

పిల్ల మెతుకులు కెలుకుతున్న చప్పుడు ఆగిపోయింది. కోడలు కిమ్మనలేదు. పేముతాతకు ఆ నిశ్శబ్దం ఎక్కడో గుచ్చుకుంది. పెళ్ళై వచ్చిననాటి నుంచీ ఆ ఇంట్లో ఆయన పక్షాన మాట్లాడే మనిషి ఆమే. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినా, మామయ్యకి చప్పిడి తిండి పెట్టి చంపుతారా అని మొగుడితో పోట్లాడిన పిల్ల. అలాంటిది మామగారిని ఎక్కడో దింపుతానంటే నోరు మెదపలేదు.

మర్నాడు పొద్దున్న ముగ్గురూ వెళ్ళాక ఆయన రేడియో పెట్టలేదు. నిన్నటి చెయ్యిని తలుచుకున్నాడు. నలభై ఏళ్ళలో కుర్చీలు పట్టుకుని ఎంతోమంది వచ్చారు. చూపు పోయాక వాళ్ళను వాసనతోనే పోల్చుకునేవాడు. ఒకరిది చుట్ట వాసన, ఒకరిది చెమట, ఒకరిది రోడ్డు దుమ్ము. అంత దగ్గరగా వచ్చి పట్టుకున్న మనిషి దగ్గర ఏ కొత్త వాసనా రాలేదు. ఇంట్లో వాడే సబ్బు వాసన తప్ప. పట్టుకున్న తీరు ఇంకోటి. మోచేతికి సరిగ్గా బెత్తెడు పైన, బొటనవేలు లోపలి వైపుకి. సూది గుచ్చేముందు చెయ్యి పట్టుకునేవాళ్ళు అలా పట్టుకుంటారు.

స్నానానికి వెళ్ళాడు. నీళ్ళు గట్టిగా చప్పుడయ్యేలా పోసుకున్నాడు. వచ్చి కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకున్నాడు. ఇప్పుడు పిలిస్తే ఎవరూ పలక్కపోవచ్చు. అప్పుడు కొడుకు అన్నదే నిజం. పలికితే, ఇంకేం వినాల్సి వస్తుందో.

"అమ్మాయ్," అన్నాడు వెనక గది వైపు తిరిగి. "నేను తిట్టను. బయటికి రా."

ఏమీ లేదు.

"నువ్వు అక్కడ లేకపోతే నాకు నిజంగానే మతి పోయిందన్నమాట. ఉంటే ఒక్క మాట పలుకు. నా సంగతి నేను తేల్చుకోవాలి."

అట్టపెట్టె నొక్కుకుంది. ఆ తర్వాత, గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చే ఏడుపు.

"ఉన్నాను మామయ్యా."

ఆమె వచ్చి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. కాలు తగిలితే తెలిసింది, పాదాలకు మేజోళ్ళు. అందుకే అడుగుల చప్పుడు మెత్తగా ఉంది. గాజుల చప్పుడూ లేదు, తీసేసినట్టుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇంట్లో తొమ్మిది రోజులు. అంతకుముందు రెండ్రోజులు పార్కులో కూర్చున్నాను. ఒకడు వచ్చి రోజంతా ఎదురుగా కూర్చోవడం మొదలెట్టాడు. ఇంకెక్కడికి పోను? ఈ ఊళ్ళో నాకు తెలిసిన తలుపు ఇదొక్కటే. మీరు స్నానంలో ఉన్నప్పుడు వచ్చి, సాయంత్రం మోటారు రొదలో బయటికి జారుకుని, అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టు మళ్ళీ వచ్చేదాన్ని."

తర్వాత జరిగిందంతా చెప్పింది. ఒకేరోజు ఇద్దరు పెద్దవాళ్ళకు ఆపరేషన్లు. ఇద్దరి పేర్లూ ఇంచుమించు ఒకటే. రక్తం గ్రూపు చూసే గొట్టాల మీద ఆమె పేర్ల చీటీలు తారుమారుగా అంటించింది. తుంటి ఎముక విరిగిన ఒక పెద్దావిడకు వేరే గ్రూపు రక్తం ఎక్కించారు. కాసేపటికే ఒళ్ళంతా వణుకు, నడుంనొప్పి. ఒక నర్సు కనిపెట్టి ఆపేసింది. ఆవిణ్ణి ఐసీయూలోకి తీసుకెళ్ళారు. విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావద్దని, పిలిచినప్పుడు రమ్మని కోడలితో చెప్పారు.

"ఆవిడకెలా ఉంది?"

"తెలీదు."

"కనుక్కోలేదా?"

"ధైర్యం చాల్లేదు మామయ్యా. ఫోను మోగితే చాలు, పోయిందని చెప్తారేమోనని గుండె జారిపోతుంది. నా చేత్తో అంటించిన చీటీ. నిద్రలో కూడా అదే కనిపిస్తోంది."

ఆయన చెయ్యి ఆమె తల మీదికి వెళ్ళబోయి ఆగింది. జాలితో పాటు కోపం కూడా పైకి తన్నుకొచ్చింది.

"నిన్న వాడు నన్ను ఎక్కడో దింపుతానంటుంటే విన్నావుగా?"

"విన్నాను."

"నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు. నేనూ అనుకున్నాను. బాత్‌రూములో గడియ పెట్టుకుని చావుకి సిద్ధమయ్యాను నిన్న. తెలుసా నీకు?"

ఆమె ముక్కు తుడుచుకుని అంది, "ఆయన చేత షాపు మూయించాను. పిల్లని బడి మాన్పించి తీసుకొచ్చాను. మిమ్మల్ని అలవాటైన ఇంట్లోంచి లేపుకొచ్చాను. పదకొండు రోజులు పనిచేసి ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

పేముతాత కాసేపు పేము బద్దను వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత, "ఏ వార్డు?" అన్నాడు.

"ఎందుకు?"

"కనుక్కుందాం. పోయుంటే పోయిందని తెలుస్తుంది. ఉంటే ఉందని తెలుస్తుంది. ఇలా పెట్టెల మధ్య కూర్చుంటే ఏదీ తెలియదు. చెప్పులు ఎక్కడున్నాయో చూడు."

ఈ ఊరికి వచ్చాక ఆయన వీధిలోకి దిగడం అదే మొదలు. ఆమె భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. రోడ్డు దాటుతున్నప్పుడు నాలుగు వైపుల నుంచీ హారన్లు మీదికి వచ్చాయి. ఏ చప్పుడు ఎంత దూరమో తెలియలేదు. పాత ఊళ్ళో లారీ ఎక్కడ మలుపు తిరుగుతుందో కూడా వినే చెప్పేవాడు. ఇక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అడుగు తీసి అడుగు వేశాడు. బస్సులో కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు. తన చేతి కింద ఆమె భుజం కూడా వణుకుతూనే ఉంది. ఎవరు ఎవరిని తీసుకెళ్తున్నారో చూసేవాళ్ళకు తెలిసి ఉండదు.

ఆసుపత్రి గేటు దగ్గర ఆమె ఆగిపోయింది.

"నావల్ల కాదు."

"నన్ను లోపలిదాకా తీసుకెళ్ళు చాలు. అడిగేది నేను."

ఫినాయిల్ వాసన, చక్రాల మంచాల చప్పుడు. వార్డు బయట బల్ల దగ్గర ఒక గొంతు ఎవరు కావాలంది. పేముతాత గొంతు సవరించుకుని, తుంటి ఎముక విరిగిన పెద్దావిడ, మొన్న ఐసీయూలో పెట్టారు, ఎలా ఉందో చూసిపోదామని వచ్చామన్నాడు. కాగితాలు తిరగేసిన చప్పుడు. ఒక కాగితం, ఇంకో కాగితం. ఆయన వేళ్ళు కోడలి భుజంలో దిగబడిపోతున్నాయని ఆయనకు తర్వాత గానీ తెలియలేదు.

"ఐసీయూలో లేదు," అంది ఆ గొంతు.

కోడలి భుజం ఆయన చేతి కిందనుంచి జారిపోయింది. ఆమె అక్కడే కూలబడింది.

"లేదంటే?" అన్నాడాయన.

"నాలుగు రోజులైంది వార్డులోకి మార్చి. కిటికీ పక్క మంచం. ఆవిడకేమైంది, అలా కూర్చుండిపోయింది? నీళ్ళివ్వనా?"

ఆమె లేవడానికి కాస్త సమయం పట్టింది. వెళ్ళిపోదామంటుందేమో అనుకున్నాడు. కానీ ఆమే ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. మంచం దగ్గర పెద్దావిడ కూతురు ఉంది. కోడలు తానెవరో, ఏం చేసిందో, ఒక్కొక్కటిగా చెప్పింది. ఆ కూతురు అరిచింది. వార్డంతా తిరిగి చూసేలా అరిచింది. మా అమ్మ మూడు రోజులు చావుబతుకుల్లో ఉందని, నీలాంటివాళ్ళని ఎవరు పెట్టుకుంటారని. కోడలు ఒక్క మాటకూ అడ్డు చెప్పలేదు. పేముతాత కూడా మాట్లాడలేదు. ఆ అమ్మాయి అరవడంలో తప్పేమీ ఆయనకు కనిపించలేదు.

చివరికి మంచం మీంచి నీరసంగా ఒక గొంతు వచ్చింది. "ఇక చాల్లే, కూర్చో." తర్వాత కోడలితో, "ఇంకెవరికీ అలా చెయ్యకమ్మా" అంది. అంతే. క్షమించానని గానీ, లేదని గానీ అనలేదు. పక్కకు తిరిగి పడుకుంది.

ఆ సాయంత్రం మోటారు రొద ఆగాక, కొడుకు వచ్చి చెప్పులు విప్పుతుండగానే కోడలు అంతా చెప్పేసింది. పేముతాత పిల్లను పిలిచి, కింద ఎన్ని బళ్ళున్నాయో చూసి రమ్మని పంపేశాడు.

కొడుకు ఉద్యోగం గురించి అడగలేదు. షాపు గురించి అనలేదు. ఒక్కటే అడిగాడు. "నాన్నకి మతి తప్పిందని నేనంటుంటే నువ్వు పక్కనే కూర్చుని తింటున్నావు కదా?"

"ఊ."

వాడు లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. తండ్రి దగ్గరికి మాత్రం ఆ రాత్రే వచ్చి, ఆయన పాదాల దగ్గర దుప్పటి సర్ది వెళ్ళాడు. డాక్టరు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

శుక్రవారం విచారణకు పిలిచారు. జరిగింది ఆమె తనంతట తానే రోగికి చెప్పిందని అప్పటికే వాళ్ళకు తెలుసు. దానికి ఒకాయన మెచ్చుకున్నాడట, ఇంకొకాయన ఎవరి అనుమతితో చెప్పావని కోప్పడ్డాడట. ఉద్యోగం పోలేదు. ఆరు నెలలు రక్తం గ్రూపుల బల్ల దగ్గరికి వెళ్ళకూడదు, ఇంకొకరి పర్యవేక్షణలో పనిచెయ్యాలి, ఇంకో పొరపాటు జరిగితే అదే ఆఖరు. ఆదివారం మొగుడూ పెళ్ళాం వెనక గదిలో అట్టపెట్టెలు విప్పారు. మాటలు తక్కువ. "ఇది వంటింట్లోకా?" "ఊ." "ఇది?" "అక్కడే పెట్టు." పేముతాత హాల్లో కూర్చుని ఆ నాలుగు మాటలనే ఆత్రంగా విన్నాడు.

సోమవారం ఆమె డ్యూటీకి వెళ్ళింది. తలుపు పడింది. ఆయన స్నానం చేసి వచ్చి కూర్చుని, అలవాటు చొప్పున వెనక గది వైపు చెవి పెట్టాడు. ఏమీ లేదు. ఇన్నాళ్ళకు ఇల్లు నిజంగా ఖాళీగా ఉంది. భయం పోతుందనుకున్నాడు. పోలేదు. అది ఇల్లు వదిలి ఆమె వెంట బస్సెక్కి వెళ్ళినట్టుంది. ఇప్పుడు ఏ గొట్టం పట్టుకుందో, ఎవరి పేరు చదువుతోందో అని ఆలోచిస్తూ ఆయన పేము ముట్టుకోలేదు.

పదకొండింటికి ఫోను మోగింది. తడుముకుని ఎత్తాడు.

"ఏమైంది అమ్మాయ్?"

"ఏం కాలేదు మామయ్యా. ఊరికే చేశాను." వెనక గాజు సామాను చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. "చేతులు వణుకుతున్నాయి. ఒక్కో పేరూ మూడుసార్లు చదువుతున్నాను."

"నాలుగోసారి కూడా చదువు."

"ఆలస్యమవుతోందని పక్కావిడ విసుక్కుంటోంది."

"విసుక్కోనీ. చదువు," అన్నాడు పేముతాత. "ఇక పెట్టెయ్. పని చూసుకో."